కత్తెర ఆమెది, ఉద్యోగం నాది

నాటకాల బట్టల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది, ఏ కుట్టుమిషన్ మంచిదని. తర్వాత అడిగేది, కోత ఎన్నాళ్లకు చేతికొస్తుందని. ఈ రెండింటికీ జవాబు చెప్పడం తేలికే. వాళ్లు అడగనిది ఒకటుంది. పక్కన కూర్చున్న మనిషి మనకన్నా బాగా కుడుతుంటే ఏం చేయాలి?

ఒక కాలేజీ నాటక విభాగంలో పన్నెండేళ్లు దుస్తుల గది చూసుకుని కిందటేడు రిటైరయ్యాను. వీడ్కోలు సభలో అందరూ నా ఓపిక గురించి, శ్రద్ధ గురించి మాట్లాడారు. ఆ ఉద్యోగం నాకు ఎలా వచ్చిందో తెలిసిన మనిషి ఆ సభలో లేదు. ఉంటే నేను శాలువా కప్పించుకోగలిగేదాన్ని కాదు.

నలభై ఆరేళ్లకు సూది

మాది తెనాలి దగ్గర పల్లె. పదిహేనేళ్లు ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పాను. మా ఆయనకు హైటెక్ సిటీలో ఒక కంపెనీ ఆఫీసు నిర్వహణలో పని దొరికితే చందానగర్ వచ్చాం. ఇక్కడి స్కూళ్లలో నా తెలుగు మీడియం అనుభవం ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇంట్లో కూర్చున్నాను. చర్చిలో క్రిస్మస్ నాటికకు దేవదూతల రెక్కలు కావాలంటే అట్టముక్కలు కొలిచి, గీసి, అన్నీ ఒకే కొలతలో చేసిపెట్టాను. ఆ నాటిక చూడడానికి వచ్చిన వసుంధర గారు ఆ రెక్కలను తిప్పి తిప్పి చూశారు. ఆవిడ గోపన్‌పల్లి వైపు ఉన్న ఒక చిన్న కళల కాలేజీలో నాటకం చెప్పే అధ్యాపకురాలు. విద్యార్థుల నాటకాలకు బట్టలు కుట్టడానికి మనుషులు చాలడం లేదనీ, జీతం ఏమీ ఉండదనీ, ఇష్టమైతే రమ్మనీ చెప్పారు.

నాకు గుండీ కుట్టడం కూడా సరిగా రాదని చెప్పాను. రెక్కలు కొలిచిన చేతికి గుండీ ఎంతసేపండీ అని నవ్వారావిడ.

మొదటిరోజు నాకు ఒక కుర్తా చేతులు కుట్టమని ఇచ్చారు. గంటన్నర కుట్టాను. గీత గీసినట్టు వచ్చింది కుట్టు. తొడుక్కోబోయిన విద్యార్థి చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. రెండు పొరలూ కలిపి కుట్టేశాను. మూల మిషన్ దగ్గర కూర్చున్న ఒకామె లేచి వచ్చి, నవ్వకుండా ఆ కుర్తా తీసుకుని నా ఒళ్లో పెట్టింది.

“విప్పక్కా. విప్పుడు వచ్చినోళ్లకే కుట్టుడు వస్తది.”

ఆమె బాలమణి. నాకు కుట్టు నేర్పిన గురువు ఆమే. నా జీవితంలో ఎవరిమీదా పడనంత అసూయ నేను పడిందీ ఆమె మీదే.

చూపు కొలత

బాలమణికి అప్పటికి ముప్పై అయిదేళ్లుంటాయి. గోపన్‌పల్లి ఆమె అత్తవారి ఊరు. పొలాల్లో అపార్టుమెంట్లు లేచాక, ఇంటి అరుగు మీద మిషన్ పెట్టుకుని ఆ అపార్టుమెంట్ల ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. చదువు ఏడో తరగతితో ఆగింది. తోడికోడలు పక్కన కూర్చుని చూసి పని నేర్చుకుంది. కాలేజీ పిల్లలెవరో జాకెట్ కుట్టించుకుని, వేసుకుని, ఈ చెయ్యి మన నాటకానికి కావాలని ఆమెను తీసుకొచ్చారు. మధ్యాహ్నం ఇంటిపని అయ్యాక వచ్చి, పిల్లలు బడినుంచి వచ్చే వేళకు వెళ్లిపోయేది. ఆమెకూ జీతం లేదు.

ఆమె మనిషిని ఒక్కసారి చూసేది. వెనక్కి తిరగమనేది, చెయ్యెత్తమనేది, అంతే. టేపు మెడలో ఉండేది గానీ చేతికి వచ్చేది కాదు. బట్ట పరిచి, సుద్దతో నాలుగు గీతలు గీసి, కత్తెర పెట్టేది. నేనేమో ఛాతీ కొలత మూడుసార్లు తీసి, నోటుపుస్తకంలో రాసి, కూడికలు సరిచూసి, పాత వార్తాపత్రిక మీద నమూనా కోసి, దాన్ని బట్టమీద పెట్టి, అప్పుడు కోసేదాన్ని. నాది భుజం దగ్గర ముడత పడేది. ఆమెది ఒంటికి అతుక్కున్నట్టు కూర్చునేది.

ఒకరోజు ఆమె వెళ్లాక తలుపు దగ్గరికి వేసి, ఆమె కోసిన ముక్కల్ని టేపుతో కొలిచాను. తప్పు దొరుకుతుందని ఆశ. ఎక్కడా అరవేలు తేడా రాలేదు. లెక్కల టీచరునై ఉండి లెక్క సరిపోయినందుకు ఏడుపు రావడం నాకు అదే మొదలు.

పిల్లలు ఆమెను బాలక్క అనేవారు. నన్ను సువర్ణ మేడమ్ అనేవారు. రాణి వేషం వేసే శిరీష అన్నం డబ్బా తెచ్చుకుని ఆమె మిషన్ పక్కనే నేలమీద కూర్చునేది. నా బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉండేది. వసుంధర గారు గదిలోకి రాగానే ముందు ఆమె మిషన్ వైపు నడిచేవారు. ఇవన్నీ లెక్కపెట్టుకునేదాన్ని. మరొకరు మెచ్చుకోలు పొందుతుంటే మన దగ్గరనుంచి ఏదో తీసి వాళ్లకిచ్చినట్టు అనిపిస్తుందే, అదే అసూయ. నిజానికి నా దగ్గరనుంచి ఎవరూ ఏమీ తియ్యలేదు. రోజుకొక కొత్త పని నేర్పుతున్నది ఆమే.

ఉద్యమం చాటున

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. బందులు, ర్యాలీలు, తరగతుల బహిష్కరణ. నాటకం పిల్లలే రాశారు. ఒక చిన్న గడీ రాణి, కరువులో ధాన్యపు కొట్టు తలుపులు తెరవనని మొండికేసి, చివరకు తన పై అంగీ తానే విప్పి జనంలోకి నడిచి వస్తుంది. సంభాషణలన్నీ ఇక్కడి యాసలో ఉండాలని పిల్లల పట్టుదల. ఒకసారి చదవడానికి మనిషి తక్కువైతే ముసలమ్మ మాటలు నన్ను చదవమన్నారు. చదివాను. గదంతా నవ్వింది. నా నోట “ఏంది గిట్ల” కూడా తెనాలి సంతలో దిగినట్టు ఉందని ఒకరన్నారు. అందులో విషమేమీ లేదు. కానీ నొప్పి తగిలింది.

ఆ నొప్పి నాకు అక్కరకొచ్చింది. బాలమణిని అందరూ నెత్తిన పెట్టుకునేది ఆమె ఇక్కడిది కాబట్టి, నన్ను పక్కన పెట్టేది నేను ఆంధ్రా నుంచి వచ్చాను కాబట్టి అని నాకు నేను చెప్పుకున్నాను. మా ఆయనతో కూడా అలాగే చెప్పాను. అసూయ అని ఒప్పుకుంటే చిన్నదాన్నయిపోతాను. అన్యాయం అనుకుంటే తల ఎత్తుకుని తిరగొచ్చు. ఆ రోజుల్లో ఇటువాళ్లకూ అటువాళ్లకూ నిజమైన బాధలు చాలా ఉన్నాయి. నాది మాత్రం వాటిలోది కాదు.

ఎందుకంటే ఒక సంగతి జరిగింది. ఒకరోజు ముంబయి రహదారి మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, గంగాళాలు, బంతులు తీరి కూర్చున్న జనం. షేర్ ఆటో చందానగర్ దాటకుండానే ఆగిపోయింది. కుట్టిన బట్టల మూట చేత్తో పట్టుకుని నడుస్తున్నాను. ఎవరైనా మాట్లాడిస్తే నా మాట ఎక్కడిదో తెలిసిపోతుందని తల వంచుకున్నాను. ఎవరో నా మూట పట్టుకుని లాగారు. గరిటె చేతిలో పట్టుకుని బాలమణి.

“గింత దూరం నడుసుకుంట వచ్చినవా అక్కా? కూసో. తిని పో.”

చుట్టూ ఉన్న ఆడవాళ్లకు నన్ను చూపించి, మా అక్క, మా నాటకం బట్టలు కుడుతదని చెప్పింది. విస్తరేసి పులిహోర పెట్టింది. ఎవరూ నన్ను ఏ ఊరని అడగలేదు. తిన్నాను. కడుపు నిండింది. అయినా చెయ్యి కడుక్కుంటూ నేను అనుకున్నది, ఇక్కడ కూడా ఈమె మాటే చెల్లుతోందని.

మఖమల్ పరదా

రాణి పై అంగీకి చందానగర్‌లో ఒక ఫంక్షన్ హాలు వాళ్లు పాత తెర ఇచ్చారు. మెరూన్ రంగు మఖమల్. ఒక్క అంగీకి సరిగ్గా సరిపోతుంది, తప్పు కోస్తే మరో ముక్క లేదు. దాన్ని బాలమణికి ఇచ్చారు. నాకు సైనికుల నడికట్లు ఇచ్చారు.

ఆ వారంలోనే వరండాలో వసుంధర గారు ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. దుస్తుల గదికి ఒక మనిషిని ఉద్యోగంలోకి తీసుకోవడానికి యాజమాన్యం ఒప్పుకుందట. “బాలమణినే అడుగుదామనుకుంటున్నా,” అన్నారావిడ. నేను గుమ్మం ఇవతలే నిలబడిపోయాను. చేతిలో నడికట్లున్నాయి.

ఒక సంగతి ఇక్కడ తెలియాలి. మఖమల్ బట్టకు పైన నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే చెయ్యి జారుతుంది, ఎదురు నిమిరితే పట్టుకుంటుంది. అన్ని ముక్కలూ నూగు ఒకే దిక్కుకు ఉండేటట్టు కొయ్యాలి. తలకిందులుగా కోసిన ముక్క వెలుతురు పడ్డప్పుడు వేరే రంగులో కనిపిస్తుంది. గదిలో ట్యూబ్‌లైటు కింద ఆ తేడా తెలియదు. ఇదంతా నేను లైబ్రరీ నుంచి తెచ్చుకున్న దర్జీ పని పుస్తకంలో అంతకు రెండు వారాల ముందే చదివాను. బాలమణి జీవితమంతా నూలు, సిల్కు జాకెట్లు కుట్టింది. మఖమల్‌ను అంచుకు వేసే సన్నపట్టీగా తప్ప ఎరగదు.

ఆ మధ్యాహ్నం నేను గదిలోకి వచ్చేసరికి రెండు బల్లలు కలిపి పరదా పరిచి ఉంది. సుద్దగీతలు గీయడం అయిపోయింది. గుడ్డ ఆదా అవుతుందని కుడి ముందుభాగాన్ని తలకిందులుగా గీసింది. మామూలు బట్టకైతే అది తెలివైన పని. నేను బల్ల పక్కన నిలబడి అరచేత్తో బట్టను నిమిరాను. ఒకవైపు జారింది. రెండోవైపు పట్టుకుంది. గీతల వైపు చూశాను. అర్థమైంది.

బాలమణి కత్తెర చేతిలో పట్టుకుని నన్నే చూస్తోంది. మాట నా గొంతులోకి వచ్చింది. ఒక్క మాట. ఆ ముక్క తిప్పి పెట్టు, అంతే. వరండాలో విన్న ఫోను మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది.

టీ తాగొస్తానని చెప్పి క్యాంటీన్‌కు వెళ్లాను. టీ ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మీగడ కట్టింది. తిరిగి వెళ్లేసరికి అంగీ ముక్కలు ముక్కలుగా బల్లమీద వరసగా ఉంది.

వేదిక మీద

ప్రదర్శనకు మూడు రోజుల ముందు లైట్లు వేసి, పూర్తి వేషాలతో సాధన చేశారు. శిరీష అంగీ వేసుకుని వేదిక మధ్యకు వచ్చింది. పైనుంచి పసుపు లైటు పడింది. అంగీలో ఎడమ సగం పండిన నేరేడులా నిగనిగలాడింది. కుడి సగం వెలిసిన ఇటుకలా ఉంది.

వసుంధర గారు సాధన ఆపించారు. అది రెండు బట్టలా అని అడిగారు. బాలమణి మెట్లెక్కి వెళ్లి, శిరీష ముందు నిలబడి, అంగీని రెండు చేతులతో రెండు వైపులా నిమిరింది. ఒక్క నిమిషం పట్టిందో లేదో. పుస్తకం చదవకుండానే ఆమెకు తెలిసిపోయింది. తప్పు నాదే మేడమ్ అంది.

నేను ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు. లేచి నిలబడి నూగు గురించి, దిక్కు గురించి, వెలుతురు గురించి అందరికీ పాఠం చెప్పాను. తరగతి గదిలోని గొంతు నాకు చాలా రోజుల తర్వాత తిరిగొచ్చింది. వసుంధర గారు నా వైపు తిరిగారు.

“మీకు ఇంత తెలుసు కదా సువర్ణగారూ, ముందే ఎందుకు చెప్పలేదు?”

“నేను వచ్చేసరికి కోసేసిందండీ.”

అంత తేలిగ్గా వచ్చింది ఆ అబద్ధం. బాలమణి వేదిక మీదనుంచి నన్ను చూసింది. ఆ చూపులో కోపం కోసం వెతికాను, దొరికితే దాన్ని పట్టుకుని నేను కూడా కోపం తెచ్చుకోవచ్చని. దొరకలేదు.

“అవును మేడమ్,” అంది. “అక్క వచ్చేసరికే కోసేసిన.”

శిరీష ఒంటిమీదనుంచి అంగీ తీసుకుని గదికి నడిచింది. నేను కూడా వెళ్లాను. వెళ్లకపోతే బాగుండదు. ఆమె కుట్టు విప్పడం మొదలుపెట్టింది, రెండో కొస నన్ను పట్టుకోమంది. రెండు రోజులు అదే పని. రెండు ముందుభాగాలనూ నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసింది. ఒకటి నూగు కిందికి, ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి పైకి పెట్టి కలిపి కుట్టింది. వీపు భాగాన్నీ అలాగే చేసింది. కుట్లలో పోయిన గుడ్డకు మిగిలిన అంచుముక్కలు అతికింది. ఆ రెండు రోజుల్లో పనికి సంబంధం లేని మాట ఒక్కటి కూడా మాట్లాడలేదు, ఆమె గానీ నేను గానీ.

ప్రదర్శన రోజు శిరీష నడుస్తుంటే ఆ ఒక్క రంగు బట్ట రెండు రంగులై కదిలింది. అడుగు వేసినప్పుడల్లా నలుపు ఎరుపుగా, ఎరుపు నలుపుగా మారింది. చివర్లో ఆమె అంగీ విప్పి నేలమీద వదిలేసినప్పుడు ముందు వరసలో కూర్చున్నవాళ్లు మెడలు చాచి చూశారు. అంత అందమైన దుస్తు తర్వాత పన్నెండేళ్లలో మా గదిలోంచి రాలేదు. పక్క తెర చాటున నిలబడి చూస్తున్న నాకు సిగ్గు వేయాలి. వేసింది అసూయ. తప్పు చేసి కూడా ఈమే గెలిచిందే అనుకున్నాను.

వారం తర్వాత వసుంధర గారు నన్ను పిలిచారు. చేతిపనిలో బాలమణిని మించినవాళ్లు లేరనీ, కానీ గది బాధ్యత తీసుకునే మనిషికి బట్ట గురించి చదువు, ముందుచూపు కావాలనీ, ఆ ఉద్యోగం నాకు ఇద్దామనుకుంటున్నామనీ చెప్పారు. ఇంటికి వెళ్లి ఆలోచించుకుని చెప్తానని కూడా అనలేదు. థాంక్సండీ అన్నాను.

ఆవిడ గురించి కూడా ఒక మాట చెప్పాలి. పెద్ద మనసున్న మనిషి, నాటకం తెలిసిన మనిషి. కానీ పొగిడినా తిట్టినా పదిమంది ముందే చేసేవారు. అలాంటి పై అధికారి కింద పనివాళ్లు పని చూసుకోవడం మానేసి ఒకరినొకరు చూసుకుంటారు. నా తప్పును ఆవిడ మీదికి తోయడానికి కాదు ఇది చెప్పడం. రేపు మీరు ఒక గదికి పెద్ద అయితే తప్పును తలుపు వేసి చెప్పండి.

బాలమణి ఒక్కసారి వచ్చి తన కత్తెర తీసుకుంది. మంచిగ చెయ్యక్కా అని వెళ్లిపోయింది.

పన్నెండేళ్లు

ఉద్యోగంలో నేను నేర్చుకున్నవి చాలానే ఉన్నాయి. వేదిక బట్ట ఇంటి బట్ట కాదు. దగ్గరనుంచి అందంగా ఉండడం దానికి అనవసరం, ఇరవై అడుగుల దూరంలో కళ్లకు ఆనాలి, గెంతినా చిరగకూడదు. నడుం దగ్గర లోపల రెండంగుళాల గుడ్డ వదలండి, వచ్చే ఏడు ఇంకొకరు వేసుకుంటారు. కొత్త ఎర్రబట్టను తెల్లబట్టతో కలిపి తడపకండి. నేను తడిపాను. పన్నెండు మంది మునులు గులాబీ రంగు పంచెల్లో తపస్సు చేశారు, ప్రేక్షకులు నవ్వారు, ఆ సన్నివేశం చచ్చిపోయింది. తొందరగా మార్చుకోవలసిన వేషానికి పిన్నీసు పెట్టకండి. ఒకమ్మాయి భుజంలో పిన్నీసు దిగితే ఆమె ఆ నొప్పితోనే పదిహేను నిమిషాలు మాటలు చెప్పింది, రవికె మీద రక్తం చూశాక గానీ మాకు తెలియలేదు.

మా గదిలో ఒక నియమం పెట్టాను. సుద్దగీత గీశాక, కత్తెర పెట్టే ముందు, రెండో మనిషి చూసి పెద్దగా “సరే” అనాలి. అనకపోతే కొయ్యకూడదు. ఎంత ముందుచూపని అందరూ మెచ్చుకున్నారు. అది ఎక్కడనుంచి వచ్చిందో నేను చెప్పలేదు.

నా కోత బాగుపడింది. భుజం ముడతలు పోయాయి. కానీ టేపు లేకుండా మనిషిని చూసి కొయ్యడం నాకు ఈ రోజుకూ రాలేదు.

బాలమణి మదీనాగూడలో చిన్న షాపు పెట్టింది. మొదట రెండు మిషన్లు, తర్వాత అయిదు. మేం ఇల్లు మారాక నేను పనికి వెళ్లే బస్సు దాని ముందునుంచే వెళ్లేది. రోజూ కిటికీలోంచి ఆ అద్దంలో బొమ్మకు తొడిగిన జాకెట్ చూసేదాన్ని. చెయ్యి కూర్చున్న తీరు చూసి కడుపు మండేది. ఉద్యోగం నాది, జీతం నాది, అయినా మంట నాకే. తెలంగాణ వచ్చిన రోజున రోడ్డంతా గులాల్. బస్సు మదీనాగూడలో ఆగిపోయింది. షాపు ముందు బాలమణి, ఆమె దగ్గర పనిచేసే ఆడపిల్లలు చేతులు పట్టుకుని ఆడుతున్నారు. దిగి వెళ్లి ఒక్క మాట చెప్పడానికి కావలసినంత సేపు ఆగింది బస్సు. నేను దిగలేదు.

మదీనాగూడ షాపులో

రిటైరైన రెండో నెలలో ఒక జాకెట్ గుడ్డ తీసుకుని ఆ షాపుకు వెళ్లాను. గుడ్డ ఒక సాకు. జుట్టు నెరిసింది ఆమెకు, కళ్లజోడు వచ్చింది. నన్ను చూసి లేచింది, కూసో అక్కా అంది, పిల్లను టీకి పంపింది. నా భుజాలు ఒక్కసారి చూసి కాగితం మీద ఏదో రాసుకుంది. టేపు ముట్టలేదు.

టీ వచ్చేలోపల చెప్పేశాను. ఆ రోజు నాకు ముందే తెలుసని, ఉద్యోగం సంగతి విన్నానని, అందుకే నోరు మూసుకున్నానని. ఆమె చేతిలో పని ఆపలేదు. హుక్కులు కుడుతోంది.

“నాకు తెల్వదా అక్కా. నువ్వు బట్టను నిమిరినవ్. నేను చూస్తనే ఉన్న. చదువుకున్న మనిషి చూసింది, ఏం అనలేదు, అంటే సరే ఉన్నది అనుకున్న. అందుకే కత్తెర పెట్టిన.”

నేను ఇన్నేళ్లూ నా మౌనాన్ని మౌనంగానే లెక్కపెట్టాను. ఆమె దాన్ని “సరే” అని విన్నదని నాకు తట్టనే లేదు.

మరి వేదిక మీద నన్ను ఎందుకు కాపాడావని అడిగాను. ఆమె దారం పళ్లతో తెంపింది.

“అంతమందిల అబద్ధం ఆడినవ్. నేను కాదంటే నీ మొఖం ఏడ పెట్టుకుంటవు? గంతే. తర్వాత బాగ కోపమొచ్చిందక్కా. ఒక ఏడాది నీ పేరు తలిస్తే కాలేది. నౌకరీ పోయినందుకు కాదు. నీకు కుట్టుడు నేర్పింది నేను గదా.”

క్షమించానని ఆమె అనలేదు. నేను అడగలేదు. జాకెట్ శుక్రవారం వచ్చి తీసుకోమంది. శుక్రవారం వెళ్లాను. ఎక్కడా ముడత లేదు.

శనివారాలు

వసుంధర గారు రిటైరై చాలా ఏళ్లయింది. ఇప్పుడు విభాగం చూస్తున్నది శిరీష. అవును, ఆ రాణే. ఆమె దగ్గరికి వెళ్లి జరిగినదంతా చెప్పాను. చాలాసేపు నా వైపు చూడలేదు. తర్వాత, నేను కోరినట్టే, బాలమణికి కబురు పంపింది. శనివారం మధ్యాహ్నాలు పిల్లలకు కోత నేర్పమని, ఈసారి జీతంతో.

ఆమె ఒప్పుకుంటుందని నేననుకోలేదు. ఒప్పుకుంది. నేను కూడా వెళ్లి వెనక వరసలో కూర్చుంటున్నాను. మొదటి శనివారమే పిల్లలు బల్ల చుట్టూ మూగారు, రెండో వారానికి బాలక్క అనడం మొదలుపెట్టారు. నాకు మండింది. అరవైకి దగ్గరపడ్డాను, అయినా మండింది. ఈ జబ్బు రిటైరవదు. కొత్తగా వచ్చేవాళ్లు అది తమకు రాదనుకోకండి. వచ్చినప్పుడు దాని పేరు దానికి పెట్టండి, చెప్పవలసిన మాట చెప్పండి, తర్వాత కావలసినంత మండిపొండి.

కిందటి శనివారం పువ్వుల సిల్కు పరిచి, గీతలు గీసి, ఆమె కత్తెర తీసింది. వెనక నుంచి చూస్తే చేతి ముక్కలో పువ్వులు తలకిందులుగా ఉన్నట్టు కనిపించాయి. గదిలో ఇరవై మంది ఉన్నారు. లేచి నిలబడ్డాను.

“బాలమణీ, ఆ చేతి ముక్క ఒకసారి చూడు.”

ఆమె ఆగింది. కళ్లజోడు సర్దుకుని, వంగి, ముక్క పక్కనుంచి ఒకసారి, ఎదురునుంచి ఒకసారి చూసింది.

“మంచిగనే ఉన్నదక్కా. నువ్వు కూసున్న దిక్కుకెల్లి గట్ల కనిపిస్తున్నది.”

పిల్లలు నవ్వారు. కూర్చోబోతుంటే ఆమె మళ్లీ అంది.

“ఇంకేమన్న కనిపిస్తున్నదా? లేకుంటే సరే అను. కోస్త.”

కత్తెర గాలిలోనే పట్టుకుని నిలబడింది. అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి, వరసల మధ్యనుంచి నడిచి, బల్ల దగ్గరకు వెళ్లి, ప్రతి ముక్కా నిదానంగా చూశాను.

“సరే,” అన్నాను.